ఈ చిన్న నీలి పువ్వు ఏది? ఉపజాతి దాకా తేల్చగలమా?

నేలచూపు
అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా నా మనసంతా ఒక్క మొక్క మీదే ఉంది. పొలం గట్టు దిగువన, తడి ఆరుతున్న ఇసుక నేలలో, గడ్డి సందుల్లోంచి పాకుతూ కనిపించింది. ఎత్తు జానెడు కూడా లేదు. పువ్వు ముదురు నీలం, అడ్డంగా కొలిస్తే 11 మి.మీ. ఐదు రేకులు, నడుమ ఊదారంగు వలయం, అందులో పసుపు తలల కేసరాలు. మూడు ఫోటోలు పెట్టాను. మొక్కల యాప్ మొదటి ఫోటోకి విష్ణుక్రాంత అంది, రెండో దానికి "అనాగల్లిస్ ఆర్వెన్సిస్, ఉపజాతి ఫీమినా" అంది. మూడో దానికి ఏమీ చెప్పలేదు. ఉత్త పేరుతో ఆగకుండా ఉపజాతి దాకా తెలుసుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది. ఏం చూడాలో చెప్తే మళ్లీ వెళ్లి చూసి వస్తాను.

పొలంగట్టు
నాకూ విష్ణుక్రాంత లాగానే ఉందండి. నేలబారు మొక్క, చిన్న ఆకు, నీలి పువ్వు. యాప్ మొదట చెప్పిందే నిజమేమో.

ఐదురేకులు
విష్ణుక్రాంత కాదు పొలంగట్టు గారూ. మొదటి ఫోటోలో పువ్వును వదిలేసి ఆకులు చూడండి. కణుపు కణుపుకీ రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, ఒక చోట మూడు కూడా ఉన్నాయి. విష్ణుక్రాంతకు కణుపుకి ఒక్కటే ఆకు, ఒకటి ఇటు, ఇంకొకటి అటు. పైగా విష్ణుక్రాంత ఒళ్లంతా పట్టులాంటి నూగు ఉంటుంది. ఈ మొక్క నున్నగా ఉంది. పువ్వులోనూ తేడా ఉంది. విష్ణుక్రాంత రేకులన్నీ అతుక్కుని ఒకే చిన్న పళ్లెంలా కనిపిస్తాయి, ఇక్కడ దాదాపు మొదలు దాకా విడివిడిగా చీలి ఉన్నాయి.

నేలచూపు గారూ, ఇంకో రెండు చూసి చెప్పండి. కాండాన్ని వేళ్ల మధ్య పెట్టి దొర్లించండి, గుండ్రంగా ఉందో పలకలుగా ఉందో తెలుస్తుంది. ఆకును తిరగేసి అడుగున ఏముందో చూడండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. విష్ణుక్రాంత అనుకుని ఎవరూ దీన్ని నోట్లో పెట్టుకోకండి. నేను అనుకుంటున్న మొక్కే అయితే ఇందులో సపోనిన్లు, కుకుర్బిటాసిన్లు ఉంటాయి. ఎక్కువగా మేసిన పశువులకు విషమవుతుంది. కొందరికి ఆకు తగిలినా చర్మం దురద పెడుతుంది. మొక్కను పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

నేలచూపు
వెళ్లి చూశానండి. కాండం నలుపలకలు, వేళ్లకి అంచులు స్పష్టంగా తగిలాయి. ఆకు అడుగున సూదితో పొడిచినట్టు నల్లటి చుక్కలు చాలా ఉన్నాయి. ఆకుకి కాడ లేదు, కాండానికే అతుక్కుని ఉంది. చేతులు కడుక్కున్నాను.

సీతకోక
పువ్వు లేకుండా ఈ మొక్కను చూస్తే నేను స్టెల్లారియా (తెల్లగా పూసే చిన్న కలుపు మొక్క) అనుకునేదాన్ని. ఆకులు అచ్చం అలాగే ఉన్నాయి.

ఐదురేకులు
చాలామంది అలాగే పొరబడతారు సీతకోక గారూ. స్టెల్లారియా మీడియా కాండం గుండ్రంగా ఉండి, దాని వెంట ఒకే గీతలా నూగు వరస సాగుతుంది. కింది ఆకులకు కాడలుంటాయి. అడుగున నల్ల చుక్కలు ఉండవు. పువ్వు పూయకముందే ఈ మూడింటితో విడదీయొచ్చు.

ఇక నేలచూపు గారి మొక్క అనాగల్లిస్ అనడంలో నాకు సందేహం లేదు. ఇప్పటి పేరు లైసిమాకియా. ఉపజాతి సంగతి ఎండుమొక్కలు గారు చెప్పాలి.

ఎండుమొక్కలు
చూశాను, మంచి ఫోటోలు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. ఈ మొక్క దగ్గర అందరూ రంగు చూసే తప్పటడుగు వేస్తారు. యాప్ చేసిందీ అదే.

స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి అనాగల్లిస్ ఆర్వెన్సిస్ అని పేరు పెట్టాడు. అంతకు చాలా ముందు నుంచే ఐరోపా మూలికల గ్రంథాల్లో ఎర్ర పువ్వుది "మగ", నీలి పువ్వుది "ఆడ" అనే విభజన ఉంది. గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ కాలం నుంచి వచ్చిన మాట అది. మొక్కలో ఆడామగా తేడా ఏమీ లేదు, ప్రతి పువ్వులోనూ కేసరాలు, అండాశయం రెండూ ఉంటాయి. అయినా పేరు నిలిచిపోయింది. 1768లో ఇంగ్లండ్ తోటల నిపుణుడు ఫిలిప్ మిల్లర్ నీలి మొక్కకు అనాగల్లిస్ ఫీమినా అని పేరు పెట్టాడు. ఫీమినా అంటే లాటిన్‌లో ఆడది. తర్వాతివాళ్లు కొందరు దాన్ని ప్రత్యేక జాతిగా ఉంచారు, కొందరు ఆర్వెన్సిస్ కింద ఉపజాతిగా దించారు.

చిక్కు ఏమిటంటే ఫీమినా నీలమే గానీ, నీలమంతా ఫీమినా కాదు. ఆర్వెన్సిస్‌లోనే నీలంగా పూసే మొక్కలున్నాయి. వెచ్చని, పొడి ప్రాంతాల్లో అవే ఎక్కువగా కనిపిస్తాయి. రంగు ఒక్కటే చూసి ఫీమినా అని రాసినవి పాత ఎండు నమూనాల్లో నేనే చాలా చూశాను. పక్కన వేరే చేతివ్రాతతో దిద్దిన చీటీలు కూడా చూశాను.

మరి చూడాల్సినవి ఏవి?

అన్నిటికంటే ముందు రేకు అంచు. ఆర్వెన్సిస్ రేకు అంచున గ్రంథి కేశాలు, అంటే కొసన చిన్న తల ఉండే సన్నటి నూగు, దట్టంగా, కుచ్చు కట్టినట్టు ఉంటాయి. ఫీమినాకి చాలా పలుచగా ఉంటాయి, ఒక్కోసారి అసలు ఉండవు. 10 రెట్ల కటకంతో ఇది తెలుస్తుంది. మైక్రోస్కోప్ ఉంటే ఇంకో అడుగు వేయొచ్చు. ఆర్వెన్సిస్ కేశంలో మూడు కణాలుంటాయి, చివరిది గుండ్రటి బంతిలా ఉంటుంది. ఫీమినా కేశంలో నాలుగు, చివరిది కోలగా ఉంటుంది. నాకు అన్నిటికన్నా నమ్మకమైన లక్షణం ఇదే.

తర్వాత మొగ్గ. విచ్చుకోబోయే మొగ్గను పక్క నుంచి చూడండి. రక్షక పత్రాలు రేకులను పూర్తిగా కప్పేస్తే ఫీమినా వైపు. వాటి సందుల్లోంచి రంగు కనిపిస్తుంటే ఆర్వెన్సిస్ వైపు.

రేకు వెడల్పు కూడా చూడాలి. ఆర్వెన్సిస్ రేకులు వెడల్పుగా ఉండి ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కుతాయి. ఫీమినా రేకులు సన్నగా ఉంటాయి, మధ్యలో సందు కనిపిస్తుంది, కొసన చిన్న చిన్న పళ్లుంటాయి.

చివరిగా పూకాడ. పువ్వు పూసిన కాడను దాని మొదట్లో ఉన్న ఆకుతో పోల్చాలి. ఆర్వెన్సిస్‌లో కాడ మామూలుగా ఆకు కంటే పొడుగు. ఫీమినాలో ఆకుకి సమానంగానో, పొట్టిగానో ఉంటుంది. పువ్వు దశలోనే కొలవండి, కాయ దశలో వద్దు.

సీతకోక
ఒక్క జాతిలోనే పూర్తి ఎరుపు, పూర్తి నీలం ఎలా వస్తాయండి? నా దగ్గర ఇదే మొక్క ఇటుక ఎరుపు పువ్వుల ఫోటో ఉంది, రెండూ పక్కపక్కన పెడితే వేరే మొక్కలే అనిపిస్తాయి.

గాజుపలక
రంగుపదార్థాల తేడా. ఎర్రదాంట్లో పెలార్గోనిడిన్, నీలిదాంట్లో మాల్విడిన్. రెండూ ఆంథోసయనిన్ల వర్గానివే, మొక్కలో ఒకే దారిలో తయారవుతూ మధ్యలో చీలిపోతాయి. ఏ చీలికలోకి పోవాలన్నది కొద్ది జన్యువుల చేతిలో ఉంటుంది. అంటే రంగు మారడానికి మొక్క మొత్తం మారక్కర్లేదు. కేశాలు, మొగ్గ, కాడ అన్నీ కలిసి మారాయంటే మాత్రం అది పెద్ద సంగతి. అందుకే ఎండుమొక్కలు గారు రంగును పక్కన పెట్టమన్నారు.

పొలంగట్టు
అడగడానికి మొహమాటంగా ఉంది కానీ, ఉపజాతి అంటే అసలు ఏమిటండి? రకం, ఉపజాతి ఒకటే కాదా?

ఎండుమొక్కలు
మొహమాటం వద్దు, ఈ ప్రశ్న తేలకపోతే మిగతాదంతా వృథా. వృక్షశాస్త్రంలో జాతి కింద వరసగా ఉపజాతి, వెరైటీ, ఫార్మా అనే మెట్లున్నాయి. పొలంలో మనం "ఈ రకం వరి" అనే మాట వేరు, అది సాగు రకం. ఒకే గుంపులో, ఒకే చేనులో, ఒక్క లక్షణం మాత్రమే తేడాగా అక్కడక్కడ పుడుతుంటే దాన్ని ఫార్మా అంటాం. ఆర్వెన్సిస్ నీలి పువ్వుకు కొన్ని గ్రంథాలు ఆజ్యూరియా అనే ఫార్మా పేరు వాడాయి, మరికొన్ని సెరూలియా అనే వెరైటీ పేరు వాడాయి. ఉపజాతి అనాలంటే కొన్ని లక్షణాలు ఎప్పుడూ జట్టుగా కలిసి రావాలి, చాలావరకు ఆ గుంపుకి తనదంటూ ఒక నేల, ఒక వ్యాప్తి ఉండాలి. అయినా ఉపజాతుల మధ్య సంకరం సులువుగా సాగుతుంది.

ఇక్కడే ఫీమినా సమస్య అయింది. ఆర్వెన్సిస్‌తో కలిసినప్పుడు పుట్టే సంకర మొక్కలు చాలావరకు వంధ్యంగా ఉంటాయి, విత్తనం సరిగా కట్టవు. దానికి తోడు డీఎన్‌ఏ పోల్చి చూశాక ఉపజాతి అనే మెట్టు దానికి సరిపోదని తేలింది. 2009లో మాన్స్, ఆండర్‌బెర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అనాగల్లిస్ మొక్కలను లైసిమాకియా ప్రజాతిలోకి మార్చినప్పుడు రెండింటినీ వేర్వేరు జాతులుగానే మార్చారు: లైసిమాకియా ఆర్వెన్సిస్, లైసిమాకియా ఫీమినా. కుటుంబం ప్రిములేసి. కాబట్టి నేలచూపు గారి ప్రశ్న "ఏ ఉపజాతి" అని మొదలైనా, ఇవాళ్టి లెక్కలో "ఏ జాతి" అని అడిగినట్టే.

ఐదురేకులు
చాలా పుస్తకాల్లో "ఆర్వెన్సిస్, ఉపజాతి ఆర్వెన్సిస్" అని పేరు రెండుసార్లు ఎందుకు వస్తుందో కూడా చెప్పండి. నన్ను చాలామంది అచ్చుతప్పా అని అడిగారు.

ఎండుమొక్కలు
అచ్చుతప్పు కాదు, నియమం. ఒక జాతిలో ఎవరైనా ఒక ఉపజాతికి పేరు పెట్టిన క్షణమే, మూల నమూనా (జాతి పేరుకు ఆధారంగా నిలిచిన మొక్క) ఉన్న మిగతా భాగానికి జాతి పేరే మళ్లీ వస్తుంది. దానికి విడిగా పేరు పెట్టిన కర్త ఉండడు. ఫీమినాను ఉపజాతి అన్నారు కాబట్టి మిగిలింది "ఉపజాతి ఆర్వెన్సిస్" అయింది. ఫీమినాను జాతిగా తీసేసి, మరే ఉపజాతినీ ఒప్పుకోకపోతే ఆ రెండో ఆర్వెన్సిస్ అవసరం ఉండదు. వెడల్పు ఆకుల నీలి మొక్కలను లాటిఫోలియా అనే ఉపజాతిగా విడదీసిన పుస్తకాలు కూడా ఉన్నాయి, వాటిలో ఆ రెండో పేరు అలాగే ఉంటుంది.

నేలచూపు
ఇవాళ భోజనం చేసి మూడున్నరకి వెళ్లాను. ఒక్క పువ్వు కూడా లేదు! అన్నీ ముడుచుకుపోయాయి. ఎవరైనా తెంపేశారేమో అని ప్రాణం ఉసూరుమంది. దగ్గరికి వెళ్లి చూస్తే మొగ్గల్లా మూసుకుని ఉన్నాయి.

ఐదురేకులు
ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను. ఎండ బాగా ఉన్న రోజు ఉదయం ఎనిమిది, తొమ్మిదికి విచ్చుకుని మధ్యాహ్నం మూడుకల్లా మూసేస్తుంది. మబ్బు పట్టినా మూసేస్తుంది. ఇంగ్లండ్‌లో పల్లెజనం దీన్ని గొర్రెల కాపరి గడియారమని, పేదవాడి వాతావరణ యంత్రమని పిలుచుకున్నారు. మూసుకునేటప్పుడు కేసరాలు కీలాగ్రానికి తగిలి తన పుప్పొడితో తానే ఫలించగలదు కూడా. తేనె ఇవ్వదు, పురుగులు పుప్పొడి కోసమే వస్తాయి. పదింటికి వెళ్లండి.

అలా మూసుకున్న పువ్వును చూసి మొగ్గ లక్షణం రాయకండి. ఒక్కసారి కూడా విచ్చుకోని లేత మొగ్గనే చూడాలి.

నేలచూపు
పదింటికి వెళ్లి పన్నెండు దాకా అక్కడే కూర్చున్నాను. కొలతలు ఇవి. గట్టు దిగువ తడి నేలలో ఐదు మొక్కలు చూశాను. ఒక మొక్కలో ఆకు 13 మి.మీ., పూకాడ 20. ఇంకోదాంట్లో ఆకు 14, కాడ 22. మిగతా మూడూ ఇలాగే, కాడే పొడుగు. లేత మొగ్గల్లో రక్షక పత్రాల సందుల్లోంచి నీలం కనిపిస్తోంది. రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

కానీ గట్టు పైన, రాళ్ల మధ్య ఎండిన చోట ఇంకో నాలుగు మొక్కలున్నాయి. అవి బాగా పొట్టి, ఆకులు చిన్నవి. వాటిలో కాడ, ఆకు దాదాపు సమానం: ఆకు 8, కాడ 8. ఒకదాంట్లో కాడ 7 మాత్రమే. పువ్వు కూడా చిన్నది, రేకుల మధ్య సందు ఉంది. గట్టు మీద ఫీమినా, కింద ఆర్వెన్సిస్, రెండూ ఉన్నాయా? నాకు చాలా సంతోషంగా, కొంచెం టెన్షన్‌గా ఉంది.

రేకు అంచు కూడా కటకంతో చూశాను. రెండు చోట్లా కేశాలు కనిపించలేదు.

సీతకోక
రెండు చోట్లా కనిపించలేదా? అయితే కింది మొక్కకు కాడ, మొగ్గ ఒక మాట చెప్తుంటే రేకు ఇంకో మాట చెప్తోంది.

గాజుపలక
నాకు చూసే పద్ధతిలోనే పొరపాటు ఉందనిపిస్తోంది. ఈ కేశాలు పారదర్శకంగా ఉంటాయి. పై నుంచి ఎండ పడుతుంటే, కింద నేల మచ్చల మచ్చలుగా ఉంటే అసలు కనబడవు. నేను చేసే పద్ధతి చెప్తాను. ఒక్క రేకును పట్టకారుతో తీసి, ఆకాశం వైపు ఎత్తి, వెలుగు వెనక నుంచి వచ్చేలా కటకంతో చూడండి. అంచున కేశాలు చిన్న చిన్న మెరిసే తలల్లా కనిపిస్తాయి. లేదంటే నల్లటి కాగితం ముందు పెట్టి పక్క నుంచి వెలుగు పడనివ్వండి. రేకు ఆ ఉదయమే విచ్చిన పువ్వుది కావాలి, వాడిపోయింది వద్దు.

మైక్రోస్కోప్ దొరికితే గాజు పలక మీద ఒక నీటి చుక్క వేసి, రేకును పరిచి, పైన కవర్ గాజు పెట్టండి. 100 రెట్లలో కణాలు లెక్కపెట్టొచ్చు.

ఎండుమొక్కలు
గాజుపలక గారు చెప్పినట్టు చేసేదాకా గట్టు పైన ఫీమినా అని ఎక్కడా రాయకండి నేలచూపు గారూ. ఎండిన నేలలో ఈ మొక్క అన్ని విధాలా కుంచించుకుపోతుంది. కాడ, ఆకు, పువ్వు అన్నీ పొట్టివవుతాయి. కాడ కొలత నేలను బట్టి, నీటిని బట్టి మారుతుంది, కేశాల దట్టం అంత తేలిగ్గా మారదు. అందుకే దాన్ని మొదట రాశాను, కాడను చివర రాశాను. గట్టు మొక్కల మొగ్గలు ఎలా ఉన్నాయి?

నేలచూపు
గట్టు మీద మొగ్గలు రాసుకోలేదండి, కొలతల సంతోషంలో పడిపోయాను. రేపు మొదట అదే చూస్తాను. మా దగ్గర్లోని ఒక కాలేజీలో మైక్రోస్కోప్ చూడనిస్తామన్నారు. రెండు చోట్ల నుంచీ రెండేసి పువ్వులు తడి దూది చుట్టి డబ్బాలో పెట్టి తీసుకెళ్తాను.

పొలంగట్టు
నేను మా పొలంలో వెతికానండి. నాకు పువ్వులు దొరకలేదు, కాయలు దొరికాయి. కాడ కిందికి వంగి ఉంది, చివర గుండ్రటి చిన్న కాయ. నొక్కితే నడిమికి ఒక గీత పడి పై సగం మూతలా ఊడివచ్చింది! లోపల బోలెడు చిన్న గోధుమరంగు విత్తనాలు. ఇంత చిన్న కాయకి మూత ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఐదురేకులు
అదేనండి, సరిగ్గా పట్టుకున్నారు. మూతతో అడ్డంగా తెరుచుకునే గుళిక ఈ మొక్కకు పెద్ద గుర్తు. విష్ణుక్రాంత కాయ నిలువుగా పగులుతుంది, లోపల విత్తనాలు నాలుగుకు మించవు. పువ్వు లేని కాలంలో మీ పద్ధతే పనికొస్తుంది. కాకపోతే ఫీమినాదీ ఇదే కాయ, కాబట్టి రెండింట్లో ఏదన్నది కాయతో తేల్చలేం.

నేలచూపు
చూశాను! మొదట పొలంలోనే, రేకును ఆకాశం వైపు ఎత్తి చూశాను. ఉన్నాయండి కేశాలు. అంచు పొడుగునా, దువ్వెన పళ్లకన్నా దగ్గర దగ్గరగా, కొసన మెరిసే తలలతో. మొన్న ఇవే నాకు కనిపించలేదంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంది.

గట్టు పైన పొట్టి మొక్కలకు కూడా అలాగే ఉన్నాయి, అంతే దట్టంగా. వాటి మొగ్గల్లో కూడా సందుల్లోంచి నీలం కనిపిస్తోంది.

మైక్రోస్కోప్ కింద రెండు చోట్ల పువ్వుల్లో కలిపి పన్నెండు కేశాలు లెక్కపెట్టాను. అన్నిటికీ మూడేసి కణాలు. పై కణం గుండ్రంగా, బంతిలా ఉంది. కేసర దండాల మీద కూడా ఊదారంగు నూగు కనిపించింది, అది ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఫోటో ఐదోది చూడండి.

గాజుపలక
ఐదో ఫోటో చాలా బాగుంది. మూడు కణాలు స్పష్టంగా లెక్కపెట్టొచ్చు. రెండు చోట్లా ఒకటే మొక్క.

ఎండుమొక్కలు
ఒప్పుకుంటున్నాను. లైసిమాకియా ఆర్వెన్సిస్, నీలి పూల రూపం. గట్టు పైనవీ, కిందివీ. పాత పద్ధతిలో ఉపజాతి రాయాలనుకుంటే అనాగల్లిస్ ఆర్వెన్సిస్, ఉపజాతి ఆర్వెన్సిస్.

ఒక్క సలహా. మధ్యధరా ప్రాంతపు ఎర్ర, నీలి మొక్కలను డీఎన్‌ఏతో పోల్చి, అవి కూడా వేర్వేరు జాతులుగా విడిపోయాయని 2022లో ఒక పరిశోధన వచ్చింది. కాబట్టి మీ చీటీలో పువ్వు రంగు తప్పకుండా రాయండి, ఎండితే రంగు నమ్మలేం. ఆ చీటీ తర్వాతివాళ్లకి పనికొస్తుంది.

సీతకోక
నాకు ఇప్పుడు దిగులు పట్టుకుంది. మూడేళ్లుగా నీలి పువ్వు కనిపించిన ప్రతిసారీ ఫీమినా అని రాసి ఫోటోలు ఎక్కించాను. ఇరవైకి పైనే ఉంటాయి. వాటిలో రేకు అంచు తెలిసే ఫోటో ఒక్కటీ లేదు. అన్నిటినీ ఆర్వెన్సిస్ అని మార్చేయనా?

ఎండుమొక్కలు
మార్చేయకండి సీతకోక గారూ, అది ఇంకో తప్పవుతుంది. వాటిలో ఒకటో రెండో నిజంగా ఫీమినా కావచ్చు. ముందు మొగ్గ పక్క నుంచి పడిన ఫోటోలు ఉంటే వేరు చేసి ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చూద్దాం. మిగతావాటికి "లైసిమాకియా ఆర్వెన్సిస్, విశాలార్థంలో" (అంటే ఫీమినాను కూడా కలుపుకుని) అని రాసి, పక్కన "నీలి పువ్వు, రేకు అంచు చూడలేదు" అని చేర్చండి. ఆ చోట్లకి మళ్లీ వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఏటా విత్తనం రాలి మళ్లీ మొలిచే మొక్క కాబట్టి అక్కడే దొరకవచ్చు.

సీతకోక
మొగ్గలున్నవి నాలుగు దొరికాయి. ఇవాళ రాత్రికి పెడతాను. రెండో దాంట్లో మొగ్గ పూర్తిగా ఆకుపచ్చగా ఉంది, నీలం చుక్క కూడా కనబడట్లేదు.

ఎండుమొక్కలు
అదే ముందు పెట్టండి.

నేలచూపు
నా చీటీ ఇలా రాశాను, ఏదైనా తప్పుంటే దిద్దండి:

"లైసిమాకియా ఆర్వెన్సిస్. ఏకవార్షికం. పువ్వు నీలం, నడుమ ఊదా వలయం. రేకు అంచున మూడు కణాల గ్రంథి కేశాలు దట్టంగా. మొగ్గలో రేకులు కనిపిస్తున్నాయి. తడి నేలలో కాడ ఆకు కంటే పొడుగు, గట్టు మీద ఎండిన చోట సమానం లేదా కొంచెం పొట్టి. రెండు చోట్లా ఉదయం పది, పన్నెండు మధ్య చూశాను."

ఐదురేకులు
దిద్దడానికి ఏమీ లేదు. తేదీ మాత్రం రాయడం మర్చిపోయారు.